స్పెక్స్ పేజీతో అడ్వాన్స్‌డ్ ఇంగ్లిష్: ఈ 5 పదాలు తెలిస్తే ఫోన్ కొనేటప్పుడు మోసపోరు

వొకాబులరీ పెంచుకోవాలంటే చాలామంది చేసే పని ఒకటే. యాప్‌లో రోజుకు 10 పదాలు, పక్కన తెలుగు అర్థం. వారం తిరిగేసరికి అన్నీ మాయం! సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో రోజంతా ఇంగ్లిష్ డాక్యుమెంట్లు చదివే నాకు అర్థమైంది ఏంటంటే, పదం గుర్తుండాలంటే అది వాడిన వాక్యంతో మనకు పని పడాలి. గ్యాడ్జెట్లంటే ఇష్టపడే మనకు అలాంటి వాక్యాలు ఫ్రీగా దొరికే చోటు ఫోన్ స్పెక్స్ పేజీ. ముఖ్యంగా అడుగున చిన్న అక్షరాల్లో ఉండే ఫుట్‌నోట్లు.

చదివేటప్పుడు ఒకే ప్రశ్న వేసుకోండి: ఇక్కడ కంపెనీ ఏ పదం వాడకుండా తప్పించుకుంది?

1. రెసిస్టెంట్

ఐపీ68 ఫోన్లను కంపెనీలు వాటర్ రెసిస్టెంట్ అంటాయి, వాటర్‌ప్రూఫ్ అనవు. ప్రూఫ్ అంటే నీళ్లు లోపలికి పోనే పోవు. రెసిస్టెంట్ అంటే తట్టుకుంటుంది, కానీ ఒక హద్దు వరకే. ఐఫోన్ 15 ఫుట్‌నోట్‌లో ఈ రక్షణ శాశ్వతం కాదని, నీళ్ల వల్ల జరిగే డ్యామేజీ వారంటీలోకి రాదని యాపిలే రాసింది. పూల్‌లో దిగి సెల్ఫీ తీసుకునే ముందు ఈ ఒక్క పదం గుర్తుంటే చాలు.

2. పీక్

అదే ఫోన్ బ్రైట్‌నెస్ దగ్గర మూడు అంకెలు ఉంటాయి. టిపికల్ 1000 నిట్స్, హెచ్‌డీఆర్‌లో పీక్ 1600, బయట ఎండలో పీక్ 2000. పీక్ అంటే శిఖరం. అక్కడ ఎప్పుడూ ఉండలేం కదా! దీనికి ఎదురు పదం సస్టెయిన్డ్, అంటే చాలాసేపు నిలబెట్టుకునేది. ఫోన్ వేడెక్కాక ప్రాసెసర్ స్పీడ్ తగ్గుతుంది కాబట్టి, గేమర్లు పీక్ స్కోర్ కన్నా సస్టెయిన్డ్ పెర్ఫార్మెన్స్ చూడాలి.

3. రేటెడ్

గెలాక్సీ ఎస్24 అల్ట్రా బ్యాటరీ 5,000 ఎంఏహెచ్ అని తెలుసు. అది టిపికల్, అంటే సగటు అంచనా. ఫుట్‌నోట్‌లో రేటెడ్ 4,855 ఎంఏహెచ్ అని ఉంటుంది. అది కనీస కెపాసిటీ. రెండు ఫోన్లను పోల్చేటప్పుడు ఒకదాని టిపికల్‌ను ఇంకోదాని రేటెడ్‌తో పోల్చకండి.

4. అప్ టు

30 నిమిషాల్లో అప్ టు 50 శాతం ఛార్జ్ అంటే, 50 దాటదని అర్థం. తప్పకుండా 50 ఎక్కుతుందని కాదు. ఐఫోన్ 15కి ఆ స్పీడ్ రావాలంటే 20 వాట్స్ లేదా అంతకన్నా ఎక్కువ అడాప్టర్ కావాలి. అది బాక్స్‌లో రాదు, విడిగా కొనాలి.

5. రిటెయిన్

ఐఫోన్ 15 బ్యాటరీ 1000 పూర్తి సైకిల్స్ తర్వాత కూడా 80 శాతం కెపాసిటీని రిటెయిన్ చేసేలా డిజైన్ చేశామని యాపిల్ చెబుతుంది. రిటెయిన్ అంటే ఉన్నదాన్ని పోనివ్వకుండా నిలుపుకోవడం. కానీ ఆ మాటకు ఒక షరతు ఉంది: ఐడియల్ కండిషన్స్. మే నెల ఎండలో కారు డ్యాష్‌బోర్డ్ మీద పెట్టిన ఫోన్‌కు ఆ లెక్క వర్తించదు.

ఇప్పుడు అసలు లాభం చూడండి. ఇవే పదాలు ఫోన్ దాటి బయటికి వస్తాయి. కొత్త పద్ధతికి ఒప్పుకోని టీమ్‌ను చేంజ్‌కి రెసిస్టెంట్ అంటారు. ట్రాఫిక్ ఎక్కువుండే టైమ్ పీక్ అవర్స్. విడవకుండా చేసే కృషి సస్టెయిన్డ్ ఎఫర్ట్. మంచి ఉద్యోగులు వెళ్లిపోకుండా చూసుకోవడం రిటెయిన్ చేయడం. సందర్భం మారింది కానీ పదం లోపలి భావం అదే. ఇంటర్వ్యూలో, ఆఫీస్ మెయిల్‌లో తడుముకోకుండా వాడగలిగేది ఇలా నేర్చుకున్న పదాన్నే.

నేను పాటించే పద్ధతి సింపుల్. ఫోన్ నోట్స్‌లో ఒక్కో పదానికి మూడు లైన్లు: పదం దొరికిన వాక్యం, కంపెనీ తప్పించుకున్న పదం, నా సొంత ఫోన్ గురించి నేను రాసిన వాక్యం. వారానికి ఐదు పదాలు చాలు.

మీ చేతిలో ఉన్న ఫోన్ స్పెక్స్ పేజీ ఇప్పుడే తెరవండి. పై నుంచి కాదు, కింద ఫుట్‌నోట్ నుంచి మొదలుపెట్టండి.