తడి మట్టిలోనూ మొక్క వాలిపోతోందా?

ప్రశ్న: మాది విజయవాడ. డాబా మీద కుండీల్లో టమాటా, వంగ పెంచుతున్నాం. మూడు పూటలా నీళ్లు పోస్తున్నా మధ్యాహ్నానికి ఆకులు వాలిపోతున్నాయి, టమాటా పూత రాలిపోతోంది. ఏం చేయాలి?

జవాబు: ముందు మూడు పూటలా పోయడం మానండి. మిట్టమధ్యాహ్నం ఆకులు వాలినంత మాత్రాన మట్టిలో నీరు లేదని కాదు. వేళ్లు తోడేదానికన్నా ఆకులు ఆవిరిగా వదిలేది ఎక్కువైతే తడి మట్టిలోని మొక్క కూడా తల వాల్చేస్తుంది. సాయంత్రానికి తేరుకుంటే బెంగ అక్కర్లేదు. మట్టిలోకి రెండంగుళాలు వేలు గుచ్చి చూడండి. పొడిగా తగిలితేనే, పొద్దున్నే, కుండీ అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోయండి. ఎప్పుడూ తడిగా ఉంచితే వేళ్లు కుళ్లుతాయి, అప్పుడు మొక్క సాయంత్రమూ లేవదు. ఎండకు కాగిన పైపులోంచి మొదట వచ్చే వేడినీళ్లు మాత్రం పక్కకు వదిలేయండి.

డాబా మీద అసలు బాధ కింది నుంచి కొట్టే వేడి. కుండీలను ఇటుకల మీదికి ఎత్తి, దగ్గరదగ్గరగా జరపండి. నల్ల ప్లాస్టిక్ కుండీలకు గోనెసంచి చుట్టండి. మట్టిపై రెండంగుళాల మందాన ఎండుటాకులు పరిచి, పైన 50 శాతం షేడ్‌నెట్ కట్టండి.

టమాటా పూత నీళ్లతో నిలవదు. పగలు 35, రాత్రి 24 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని పూలు రాలతాయి. మే నెలలో దాని మీద ఆశ పెట్టుకోకుండా బెండ, తోటకూర, గోంగూర, బచ్చలి వేసుకోండి. వంగాకు అడుగున సన్నటి బూజులాంటి గూడు కనిపిస్తే అది నల్లి. అక్కడికే నీటిని జోరుగా కొట్టండి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు కలిపి ఎండ దిగాక చల్లండి.