‘కుంపటి గదిలా ఉందే అమ్మాయ్!’

సమస్య

మేడమ్ గారికి, నమస్కారం.

మేం బర్మింగ్‌హామ్‌లో ఉంటాం. నేను, మావారు, నాలుగేళ్ళ బాబు. పక్కిల్లు మాకు అన్నయ్యలాంటి ఒకాయనది. మా అత్తగారి ఊరే, తెనాలి. మేం ఈ దేశానికి కొత్తగా వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టుకు కారు తెచ్చిందీ, వారం రోజులు అన్నం పెట్టిందీ, ఇంటి డిపాజిట్‌కు తక్కువైతే సర్దిందీ ఆయనే. ఇప్పుడాయన వేరే ఊళ్ళో ఉంటూ ఈ ఇంటిని అయిదుగురు మన స్టూడెంట్లకు గదులుగా అద్దెకిచ్చారు.

రెండిళ్ళకూ మధ్య సన్నటి సందు. చేతులు బారజాపితే రెండు గోడలూ తగులుతాయి. వాళ్ళ బాయిలర్ పొగగొట్టం ఆ సందులోకే వస్తుంది, మా కింది గది కిటికీకి కాస్త పక్కగా. మొన్న సెప్టెంబరులో పిల్లల సైకిళ్ళు తడుస్తున్నాయని అన్నయ్య సందు మీద ప్లాస్టిక్ రేకులు వేయించారు, వాళ్ళ గోడ నుంచి మా గోడదాకా. మేం కాదనలేకపోయాం. అప్పటినుంచి గొట్టంలోంచి వచ్చే తెల్లటి ఆవిరి పైకి పోక అక్కడక్కడే తిరుగుతోంది. గొట్టం గోడలోంచి బయటికొచ్చేచోట నల్లగా మరక కూడా కట్టింది.

అక్టోబరులో అత్తగారు వచ్చారు. మోకాళ్ళ నొప్పులు కనుక కింది గదే ఇచ్చాం. కిటికీ రవ్వంత తీసి ఉంచితేగానీ ఆవిడకు నిద్రపట్టదు. పొద్దున లేచేసరికి తలనొప్పి, వికారం. డాక్టరు వైరల్ అన్నారు, జ్వరమైతే లేదు. ఆదివారం టివిడేల్ బాలాజీ గుడికి తీసుకెళితే మధ్యాహ్నానికల్లా హుషారు. ప్రసాదం తింటారు, నలుగురితో కబుర్లు చెబుతారు. ఇంటికొచ్చి ఓ రాత్రి పడుకుంటే మళ్ళీ మొదలు. ‘అమ్మకు ఇక్కడ తోచడం లేదు, ఇంటికెళ్ళాలని వంక’ అంటారు మావారు. నిజం చెప్పొద్దూ, నాకూ అలాగే అనిపించింది. ఆవిడేమో ‘బాలింత గదిలో కుంపటి పెట్టి తలుపేసినట్టుందే అమ్మాయ్’ అంటారు. మా బాబు మధ్యాహ్నాలు ఆవిడ దగ్గరే పడుకుంటాడు. మా అలారం వంటింట్లో ఉంది, ఒక్కసారీ మోగలేదు.

గొట్టం సంగతి చెబితే అన్నయ్య నొచ్చుకుంటారు. ఫిర్యాదు చేస్తే ఈ చలిలో ఆ పిల్లలకు హీటింగ్ పోతుంది. సంబంధం చెడకుండా ఏం చెయ్యాలి?

ఒక కోడలు, బర్మింగ్‌హామ్

సలహా

అమ్మాయీ,

ఉత్తరమంతా గొట్టం గురించీ అన్నయ్య గురించీ రాశావు. మీ అత్తగారి మాటకు ఒక్క వాక్యం ఇచ్చావు. నేను జవాబు రాస్తున్నది ఆ ఒక్క వాక్యానికి.

అది పత్రిక అచ్చయ్యేదాకా ఆగే సంగతి కాదు కనుక చదివిన గంటలోనే నీకు మెయిల్ పెట్టాను. ఆవిణ్ణి, బాబును ఆ గదిలోంచి బయటికి తీసుకురా, సందు వైపు కిటికీ మూసి మిగతావన్నీ తెరువు, గ్యాస్ ఎమర్జెన్సీకి 0800 111 999 నంబరుకు ఫోన్ చెయ్యి, పక్కింటి పిల్లల తలుపు కొట్టు, ఇద్దరినీ ఆస్పత్రికి తీసుకెళ్ళు అని. ‘థాంక్యూ మేడమ్, వీకెండ్ మావారితో మాట్లాడి చేస్తాం’ అని జవాబిచ్చావు. ఆ వీకెండ్ అన్న మాటకు నేను రెండో మెయిల్‌లో వాడిన భాష ఇక్కడ అచ్చు వేయను. ఆ రాత్రే ఫోన్ చేశావు, సంతోషం. మనిషి వచ్చి పక్కింటి బాయిలర్ ఆపేసి, వాడకూడదని చీటీ అంటించి వెళ్ళాడని రాశావు. అన్నయ్య నీ ఫోను ఎత్తడం లేదట. ఎత్తకపోనీ.

మిగతా పాఠకుల కోసం ఈ గొట్టం సంగతి కాస్త చెబుతాను. లీడ్స్‌లో ఉన్న మా చెల్లెలి కొడుకు నాకు పాఠం చెప్పినట్టు చెప్పాడు. చలికాలంలో ఆ గొట్టాల్లోంచి వచ్చే తెల్లటిది చాలావరకు నీటి ఆవిరే, దాన్ని చూసి హడలిపోనక్కర్లేదు. అక్కడి బాయిలర్లకు చాలావాటికి గొట్టంలో గొట్టం ఉంటుంది. లోపలిదాంట్లోంచి పొగ బయటికి పోతుంది, చుట్టూ ఉన్నదాంట్లోంచి మంటకు కావలసిన గాలి లోపలికి వస్తుంది. అందుకే దాన్ని ఆరుబయట పెట్టాలి. మీ అన్నయ్య పైన రేకు కప్పాడు. ఇక ఆ బాయిలర్ తాను వదిలిన ఊపిరే తాను పీలుస్తుంది. ప్రాణవాయువు చాలక మంట సరిగా మండదు. అప్పుడు పుట్టేదే కార్బన్ మోనాక్సైడ్. రంగుండదు, వాసనుండదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా రెండొందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. తెరుచుకునే కిటికీకి 300 మిల్లీమీటర్లు, ఎదురుగోడకు 600 మిల్లీమీటర్లు దూరం ఉండాలని అక్కడ లెక్కలున్నాయి. టేపు పట్టుకుని సందులో కొలవబోకు. రేకు వేశాక ఆ లెక్కలకు అర్థం లేదు.

అలారం మోగలేదన్నావు. అది వంటింట్లో మీ బాయిలర్ పక్కన ఉంది. అత్తగారు పడుకునేది ఇంటికి ఇటు చివర, తలుపు వేసుకుని. అక్కడి గాలి దానికెలా తెలుస్తుంది?

ఇక ఆవిడ సంగతి. రాత్రంతా ఆ గదిలో ఉంటే తలనొప్పి, గుడికెళితే హాయి, తిరిగొస్తే మళ్ళీ తలనొప్పి. జ్వరం లేని ఫ్లూ. ఈ విషం పట్టిన మనిషిని ఏ వైద్య పుస్తకం వర్ణించినా ఇలాగే వర్ణిస్తుంది. ఇంటి బయట బాగుండటమే దీని గుర్తు. అదే గుర్తును పట్టుకుని మీ మొగుడూ పెళ్ళాలిద్దరూ ఆవిడ నటిస్తోందని తేల్చేశారు! నాకూ అనిపించిందని దాచకుండా రాశావు కనుక తిట్టు సగానికి తగ్గిస్తున్నాను. మీ ఆయనకు మాత్రం పూర్తిగా చదివి వినిపించు.

ఆవిడ మీకు కుంపటి అని పేరుతో సహా చెప్పింది. మన ఇళ్ళల్లో బాలింతకు చలి తగలకూడదని మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టేవారు. తెలిసిన ముసలమ్మలు తలుపు కాస్త ఓరగా ఉంచమనేవారు. మోనాక్సైడ్ అన్న పేరు వాళ్ళకు తెలియదు. తలుపు బిగిస్తే తల తిరుగుతుందని, ఒక్కోసారి మనిషి లేవదని తెలుసు. తెనాలిలో నేర్చిన ఆ జ్ఞానం బర్మింగ్‌హామ్‌లో పనికొచ్చింది, వినేవాళ్ళే లేకపోయారు. ఇక్కడ హైదరాబాద్‌లో మాత్రం ఏం తక్కువ? గాలాడని బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ పెట్టుకుని, చలికని ఉన్న ఒక్క వెంటిలేటర్‌కూ అట్టముక్క అడ్డం పెట్టే ఇళ్ళు ఎన్ని లేవు!

మా ఇంట్లోనూ ఒకటి జరిగింది. కరెంటు మీటరు దగ్గర ఏదో గుర్రుమంటోందని మా అమ్మ రెండు రోజులు చెప్పింది. చెవులు సరిగా వినపడని మనిషికి మీటరు వినిపించిందట అని అన్నం తింటూ నవ్వుకున్నాం, ఆవిడ ముందే. మూడోరోజు మీటరు దగ్గర వైరు కాలి గోడంతా మసి. అమ్మ ‘చెప్పానుగా’ అని కూడా అనలేదు. చీపురు తెచ్చి మసి ఊడ్చింది. ఆ చీపురు చప్పుడు నాకింకా వినిపిస్తుంది.

విదేశాల్లో పిల్లల దగ్గరికి ఆర్నెల్ల వీసా మీద వెళ్ళే తల్లుల పరిస్థితి ఇంకా అన్యాయం. మీరిద్దరూ పొద్దున పోతే సాయంత్రం వస్తారు. ఇరవై నాలుగ్గంటలూ ఆ ఇంటి గాలి పీల్చేది ఆవిడ, ఆవిడ పక్కన మీ బాబు. ఇంట్లో ఏ తేడా ఉన్నా ముందు తెలిసేది ఆ ఇద్దరికే. ఒకరికి చెప్పడం రాదు, ఇంకొకరు చెబితే బెంగ అంటారు, చలి పడలేదంటారు, వయసంటారు. టికెట్టు ముందుకు జరపమని అడుగుతుందేమోనని భయం. ఆవిడకు తలనొప్పి అంటే మీకు పిల్లాణ్ణి ఎవరు చూస్తారన్న లెక్క మొదలవుతుంది. అవునా కాదా?

అన్నయ్య విషయం త్వరగా తేల్చేస్తాను. ఆయన అన్నం పెట్టాడు, ఆ రుణం డబ్బుతోనో మాటతోనో తీర్చుకో, మీ అత్తగారి ఊపిరితిత్తులతో కాదు. ఆయన ఇల్లు అద్దెకిచ్చిన మనిషి. 1998 నాటి గ్యాస్ భద్రతా నిబంధనల ప్రకారం బాయిలర్‌ను, పొగగొట్టాన్ని ఏడాదికోసారి తనిఖీ చేయించి, ఆ కాగితం 28 రోజుల్లోగా అద్దెకున్నవాళ్ళ చేతిలో పెట్టాలి. బాయిలర్ గదుల్లో ఉంటే అక్కడ కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టడం 2022 అక్టోబరు 1 నుంచి ఇంగ్లండ్‌లో అద్దె ఇళ్ళన్నిటికీ తప్పనిసరి. బంధువులు కాని అయిదుగురు వంటిల్లు, బాత్రూమ్ పంచుకుంటూ ఉంటున్నారంటే కౌన్సిల్ లైసెన్సు కూడా ఉండాలి. ఇవి ఉన్నాయా అని ఆ పిల్లలు అడగరు, అన్నయ్య గారాయె. వాళ్ళ అమ్మలు రాత్రి వీడియో కాల్‌లో అన్నం తిన్నావా అనే అడుగుతారు గానీ బాయిలర్ చూపించమంటారా? నువ్వే అడగాలి.

చలిలో పిల్లలకు హీటింగ్ పోతుందన్నావు. నాలుగు రోజులు కరెంటు హీటర్లు కొనిచ్చే బాధ్యత ఇంటాయనది. రేపు ఎవరో తెలిసిన కుర్రాణ్ణి పంపి గొట్టం చుట్టూ సిలికాన్ పూయించి మళ్ళీ ఆన్ చేయిస్తానంటాడు చూడు. ఒప్పుకోవద్దు. గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్న మనిషే ముట్టాలి. అతని కార్డు తిరగేస్తే ఏ పరికరాలకు అనుమతి ఉందో వెనక రాసి ఉంటుంది, చూడమని పిల్లలకు చెప్పు. రేకులు తీయనంటే కౌన్సిల్‌కు రాయి. మీ గోడకు తగిలించిన కొస మీద నీకూ మాట చెల్లుతుంది.

ఆస్పత్రిలో ఇద్దరికీ రక్తం తీశారని రాశావు, ఫలితం ఏమైందో రాయలేదు. బయటి గాలిలో కొన్ని గంటలు గడిస్తే రక్తంలోంచి అది దిగిపోతుంది, కనుక పరీక్షలో తక్కువొచ్చినా ఏమీ లేదని ఇంటికి రావద్దు. జరిగింది మొదటినుంచీ డాక్టరుకు చెప్పండి, కుంపటి మాటతో సహా. ఆవిడ గదికి ఒక అలారం విడిగా కొను.

ఆవిడకు నా నమస్కారాలు. ఆ కుంపటి సంగతి ఎవరి పురిట్లో చూసిందో, ఏ ఊళ్ళోనో, తీరిగ్గా కూర్చుని అడిగి నాకు రాయి.