కాగితం మీద మాయాబజార్

ప్రశ్న: సరదాగా ఓ సినిమా స్టూడియో థీమ్ పార్కుకు ప్లాన్ గీస్తున్నాను. అందులో ‘మాయాబజార్’ రైడ్, పక్కనే రోలర్ కోస్టర్ పెట్టాను. సన్నివేశాలన్నీ ఇరికిస్తే రైడ్ గజిబిజిగా తయారైంది. ఏం చేయాలి?
– ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: కథంతా చెప్పాలనుకోవడమే అసలు చిక్కు. ఇలాంటి రైడ్ కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. పైగా సినిమా తెలిసినవాళ్లకు కథ మళ్లీ చెప్పడం దేనికి? 1957 నాటి ఆ చిత్రం అనగానే చాలామందికి ఘటోత్కచుడిగా ఎస్వీ రంగారావు విందారగించడమే గుర్తొస్తుంది. దాన్నే పట్టుకోండి. జనం బండెక్కి వంటశాలలోకి రావాలి, కళ్లముందే లడ్డూలు మాయం కావాలి.

అందుకు కంప్యూటర్లు అక్కర్లేదు. ఎదురుగా ఏటవాలుగా పెద్ద గాజుపలక నిలబెట్టి, పక్కన ఎవరికీ కనబడని చీకటి గదిలో లడ్డూల రాశి ఉంచండి. ఆ గదిలో దీపం వెలిగితే వాటి ప్రతిబింబం గాజు వెనకున్న ఖాళీ పళ్లెంలో తేలుతుంది. మెల్లగా ఆర్పితే కరిగిపోతుంది. 1860లలో లండన్ ప్రేక్షకులను అబ్బురపరిచిన కిటుకిది. డిస్నీలాండ్‌లో 1969లో తెరిచిన హాంటెడ్ మాన్షన్‌లో నాట్యమాడే దెయ్యాలూ ఇలా పుట్టినవే.

ఇక లెక్క. 12 మంది పట్టే బండి 30 సెకన్లకొకటి బయల్దేరితే గంటకు 1,440 మంది చూస్తారు. నిమిషానికొకటైతే సగమే. కాగితం మీది పార్కుకైనా క్యూ తప్పదు కాబట్టి, దాన్ని పెళ్లివారి విడిదింటి వసారాలా గీయండి, నిలబడ్డ విసుగు తెలియదు.

రోలర్ కోస్టర్ మాత్రం ఈ కథకు అతకదు. కొట్టేయండి.