గోదావరిఖనిలో వైద్యసాయం: నిధులు అడగబోయే ముందు



రామగుండం, గోదావరిఖని ప్రాంతంలో వైద్యానికి డబ్బు లేదన్న మాట సగమే నిజం. బొగ్గు కంపెనీ సింగరేణికి ఇక్కడ ఏరియా ఆసుపత్రి ఉంది. ఎన్టీపీసీ ఆసుపత్రి వేరే ఉంది. 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా మొదలైంది. దానికి సింగరేణి 500 కోట్ల రూపాయలు ఇవ్వడానికి ఒప్పుకుంది. కొరతంతా ఈ గడపలు తొక్కలేని వాళ్ల దగ్గరే ఉంది. గ్రాంటు అడగబోయే స్వచ్ఛంద సంస్థ ముందు తేల్చుకోవాల్సింది ఎంత అడగాలన్నది కాదు, ఎవరి కోసం అడగాలన్నది.

బొగ్గు బాయిలో పర్మినెంటు కార్మికుడికి, అతని మీద ఆధారపడినవాళ్లకు కంపెనీ ఆసుపత్రి ఉంది. రిటైరైనవాళ్లకు చందా కట్టే వైద్య పథకం ఉంది. ఓపెన్‌కాస్టు గనిలో మట్టి తీసే కాంట్రాక్టు కార్మికుడి ఇంటికి ఆ స్థాయి ఆసరా లేదు. గనుల కింద భూమి పోయిన ఊళ్లవాళ్లకు దుమ్ము దక్కింది గానీ ఆసుపత్రి కార్డు దక్కలేదు. ఇక పెద్దపల్లి, సుల్తానాబాద్ వైపు ఇటుక బట్టీలకు ఒడిశాలోని బలాంగీర్, నువాపడా జిల్లాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే వస్తాయి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగినా, ఇక్కడి రేషన్ కార్డు లేని ఈ కుటుంబాలకు దాంతో ఒరిగేది లేదు.

ఇక డబ్బు సంగతి. అందరికీ తెలిసింది కంపెనీల సామాజిక బాధ్యత నిధి, వాడుకలో సీఎస్ఆర్. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1,000 కోట్లు, లాభం 5 కోట్లు - వీటిలో ఏ ఒక్కటి చేరుకున్నా, ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇందుకు ఖర్చు పెట్టాలి. చట్టం ఏడో షెడ్యూలులో మొదటి వరసలోనే వైద్యం, పారిశుధ్యం, తాగునీరు ఉన్నాయి. కంపెనీ పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టమే చెప్పింది. అయితే కంపెనీ తన ఉద్యోగుల మేలు కోసమే పెట్టే ఖర్చు సీఎస్ఆర్ లెక్కలోకి రాదు. చట్టప్రకారం ఎలాగూ చేయాల్సిన పనీ రాదు. గని కార్మికుల ఊపిరితిత్తుల పరీక్ష చట్టప్రకారం యాజమాన్యం బాధ్యత. దానికి గ్రాంటు అడిగితే దరఖాస్తు మొదటి పేజీలోనే పక్కకు పోతుంది. పక్క బస్తీలో కంపెనీతో సంబంధం లేనివాళ్లకు అదే పరీక్ష చేయిస్తామంటే చర్చకు వస్తుంది.

రెండోది జిల్లా ఖనిజ ఫౌండేషన్ ట్రస్టు. దీని గురించి చాలామందికి తెలియదు గానీ బొగ్గు ప్రాంతానికి అసలైన వాటా ఇదే. 2015లో గనులు, ఖనిజాల చట్టాన్ని సవరించి దీన్ని తెచ్చారు. అంతకుముందు ఇచ్చిన లీజులైతే రాయల్టీ మీద అదనంగా 30 శాతం, వేలంలో ఇచ్చిన కొత్త లీజులైతే 10 శాతం ఈ ట్రస్టుకు కట్టాలి. బొగ్గుకు రాయల్టీ ధరలో 14 శాతం. అంటే పాత లీజులో 1,000 రూపాయల బొగ్గు తీస్తే రాయల్టీ 140, ఆ పైన జిల్లా ట్రస్టుకు 42. రోజూ రైళ్లకు రైళ్లు కదిలే చోట ఈ 42 రూపాయలు చిన్నవి కావు. ఈ డబ్బులో కనీసం 60 శాతం తాగునీరు, వైద్యం, విద్య, పర్యావరణం వంటి ముఖ్యమైన పనులకే వాడాలని మొదట అన్నారు. 2024 మార్గదర్శకాలు దాన్ని 70కి పెంచాయి. గనికి 15 కిలోమీటర్ల లోపు ప్రాంతాన్ని నేరుగా దెబ్బతిన్నదిగా లెక్కిస్తారు. గోదావరిఖని బస్తీలకు ఈ హద్దు గురించి బెంగే అక్కర్లేదు.

చిక్కు మరోచోట ఉంది. ఈ ట్రస్టు కలెక్టరు అధ్యక్షతన నడుస్తుంది. పనులు ఎక్కువగా ప్రభుత్వ శాఖల ద్వారానే జరుగుతాయి. కాబట్టి చిన్న సంస్థ నేరుగా చెక్కు కోసం వెళ్లి నిలబడటం వృథా. జిల్లా వైద్య ఆరోగ్యశాఖ ప్రతిపాదన తయారు చేసేటప్పుడే, ఫలానా ఊరికి ఉపకేంద్రం ఉన్నా నర్సు వారానికి ఒక్కరోజే వస్తోందని తేదీలతో సహా కాగితం మీద పెట్టి ఇవ్వడం సంస్థ చేయగలిగిన పని. గ్రామసభ తీర్మానం జత చేస్తే ఆ కాగితానికి బరువు పెరుగుతుంది. డబ్బు సంస్థ ఖాతాలో పడదు, పేరూ రాదు. ఊరికి మాత్రం నర్సు వస్తుంది. ఇది నచ్చని సంస్థలు ఉంటాయి. అవి బ్యానర్ల మీద ఎక్కువ ఖర్చు పెడుతుంటాయి కూడా.

మూడోది ప్రభుత్వ కార్యక్రమాల్లో భాగస్వామ్యం. ఎయిడ్స్ నియంత్రణ సంస్థ లారీ డ్రైవర్లు, వలస కూలీల వంటి వర్గాల్లో పనిచేసే సంస్థలకు రాష్ట్ర శాఖ ద్వారా డబ్బిస్తుంది. క్షయ నిర్మూలన కార్యక్రమంలోనూ స్వచ్ఛంద సంస్థలకు చోటుంది. గ్రాంటు లేకుండా మొదలుపెట్టేవాళ్లకు 2022 సెప్టెంబరులో మొదలైన నిక్షయ్ మిత్ర ఉంది. క్షయ రోగులను దత్తత తీసుకుని పోషకాహారం ఇచ్చే పని అది. విదేశీ విరాళం గురించి రెండే మాటలు: దానికి కేంద్రం అనుమతి తప్పనిసరి, 2020 సవరణ తర్వాత ఒక సంస్థకు వచ్చిన విదేశీ సొమ్మును మరో సంస్థకు పంచడం కుదరదు. పెద్ద సంస్థ చాటున విదేశీ డబ్బు అందుకునే పాత దారి మూసుకుపోయింది.

అవసరాన్ని ఎంత దగ్గరగా చూడాలో బట్టీ కూలీ విషయంలో తెలుస్తుంది. కుటుంబం అడ్వాన్సు తీసుకుని నవంబరు, డిసెంబరుల్లో వస్తుంది, వానలకు ముందు వెళ్లిపోతుంది. ఆ అడ్వాన్సు తీరేదాకా పని మానడానికి లేదు. ఇంట్లో మనిషికి మూడు వారాలుగా దగ్గు. ప్రభుత్వ దవాఖానలో కళ్లె పరీక్ష ఉచితం, మందులూ ఉచితమే. క్షయ అని తేలితే పోషణ కోసం నెలకు 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబరు నుంచి 1,000 చేశారు. ఇన్ని ఉచితాలున్నా ఆ మనిషి కదలడు. ఒక రోజు వెళ్తే ఆలుమగలిద్దరి ఇటుకల లెక్క పడిపోతుంది. ఆటో కిరాయి ఉంది. దవాఖానలో అడిగే తెలుగు ప్రశ్నకు ఒడియాలో జవాబు చెప్తే రాసుకునేవాళ్లు లేరు. పోషణ డబ్బు బ్యాంకు ఖాతాలో పడాలి. ఖాతా ఊళ్లో ఉంది, పాస్‌బుక్కూ అక్కడే.

వీటన్నిటికంటే పెద్ద చిక్కు కాలం. మామూలు క్షయకు మందులు ఆరు నెలలు వాడాలి. ఫిబ్రవరిలో తేలితే ఆగస్టు దాకా వాడాలి, బట్టీ మాత్రం జూన్‌కే మూతపడుతుంది. మిగిలిన మందులు బలాంగీర్‌లో అందాలంటే రోగి నమోదు అక్కడికి బదిలీ కావాలి. నిక్షయ్ అనే ఆన్‌లైన్ నమోదులో ఆ వీలుంది. కానీ ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని ఆ బదిలీ చేయించాలి, ఊరు చేరాక ఫోను చేసి కనుక్కోవాలి. ఈ పనులు చూసే ఇద్దరు ముగ్గురు మనుషుల జీతం, ఆటో కిరాయి, ఫోను రీఛార్జి - సంస్థ అడగాల్సిన గ్రాంటు ఇదే. కొత్త క్లినిక్కు కాదు.

దాతలకు మాత్రం కంటికి కనిపించే వస్తువంటే మోజు. వైద్య వ్యానుకు జెండా ఊపడానికి అందరూ వస్తారు. రెండో ఏడు డీజిలు ఖర్చు అడిగితే ఫోను ఎత్తేవాళ్లు ఉండరు. కార్యకర్త జీతం రాయడానికి కొత్తవాళ్లు జంకుతారు, సీఎస్ఆర్‌లో నిర్వహణ ఖర్చు 5 శాతం దాటకూడదని ఎవరో చెప్పి ఉంటారు. ఆ హద్దు కంపెనీ తన సీఎస్ఆర్ విభాగాన్ని నడుపుకునే ఖర్చుకు సంబంధించింది. బట్టీలకు తిరిగే కార్యకర్త జీతం ప్రాజెక్టు అమలు ఖర్చు కిందికే వస్తుంది. దాన్ని దాచి ‘ఇతరములు’లో కలిపితే ఆడిట్‌లో తలనొప్పి.

బట్టీ సీజను మార్చి 31ని దాటి పోతుంది కనుక, ఒక్క ఆర్థిక సంవత్సరానికి రాసిన ప్రాజెక్టు సగంలో తెగిపోతుంది. దరఖాస్తులోనే ‘కొనసాగే ప్రాజెక్టు’ అని చూపాలి. మొదలైన సంవత్సరాన్ని వదిలేసి మూడేళ్ల దాకా దాన్ని నడపొచ్చు; మిగిలిన డబ్బును కంపెనీ ప్రత్యేక ఖాతాలో వేసి ఆ పనికే వాడుతుంది. ఈ ఒక్క పదం లేకపోవడం వల్ల ఫిబ్రవరిలో హడావుడిగా శిబిరాలు పెట్టి డబ్బు ఊదేసిన ప్రాజెక్టులు లేకపోలేదు.

కాగితాలు ముందే సిద్ధంగా ఉండాలి. తెలంగాణ సొసైటీల చట్టం కింద రిజిస్ట్రేషనుకు కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఆ తర్వాత పాన్, ఆదాయపు పన్ను శాఖ నుంచి సంస్థ ఆదాయానికీ, దాతల విరాళాలకూ పన్ను మినహాయింపు గుర్తింపులు (వాడుకలో 12ఏ, 80జీ), ప్రభుత్వ గ్రాంట్లకు దర్పణ్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు. 12ఏ, 80జీ ఒకసారి తెచ్చుకుంటే జీవితాంతం ఉండవు, గడువులోపు పునరుద్ధరించుకోవాలి. 2021 ఏప్రిల్ నుంచి సీఎస్ఆర్ పనులు చేపట్టే సంస్థ కంపెనీల వ్యవహారాల శాఖ దగ్గర సీఎస్ఆర్-1 ఫారం నింపి నంబరు తీసుకోవాలి. అలాంటి పనుల్లో మూడేళ్ల అనుభవం కూడా చూపాలి. నిన్న మొన్న పుట్టిన సంస్థకు ఈ మూడేళ్లే అడ్డుగోడ. అంతదాకా అనుభవమున్న సంస్థ ప్రాజెక్టులో ఒక బస్తీ బాధ్యత తీసుకోవడం, నిక్షయ్ మిత్రగా నమోదై పనిచేయడం, ఏటా ఆడిట్ చేయించడం - ఇలా అనుభవాన్ని కాగితం మీద పోగు చేసుకోవచ్చు.

డబ్బు విడతలుగా వస్తుంది. మొదటి విడత ఖర్చైనట్టు చార్టర్డ్ అకౌంటెంటు సంతకంతో వినియోగ పత్రం ఇస్తేనే సాధారణంగా రెండోది విడుదలవుతుంది. ఇచ్చిన సొమ్ము అనుకున్న పనికే వాడారని కంపెనీలో ఆర్థిక విభాగం పెద్ద అధికారి ధ్రువీకరించాలని నిబంధన ఉంది. మార్చిలో బిల్లుల కోసం కంపెనీ వెంటపడేది అందుకే. ఆటోవాలా బిల్లు ఇవ్వడు. ముద్రించిన ఓచరు పుస్తకం కార్యకర్త సంచిలో ఉండాలి: తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత, ఆటో నంబరు, డ్రైవరు సంతకం లేదా వేలిముద్ర. రోగి పేరు ఆ ఓచరు మీద రాయకూడదు. పేరు బదులు ఒక సంకేత సంఖ్య వేసి, పేర్ల జాబితాను తాళం వేసిన బీరువాలో వేరే పుస్తకంలో ఉంచాలి. క్షయ ఉందన్న మాట బట్టీలో పొక్కితే ఆ కుటుంబాన్ని మర్నాడే పంపించేయవచ్చు.

ఇట్లు
పెద్దబాపు