ప్రళయ చిత్రములు: వేడుకయు విలువయు

భయంకరమైన దానినుండి మనుష్యుడు పారిపోవును; కాని దూరమున నిలిచి దానిని చూడగోరును. మూసీకి వరద వచ్చెనని వినినంతనే నయాపూల్ మీద జనము గుమికూడుట మన పాతబస్తీవారెల్లరు ఎరిగినదే. నేడు ఆ జనములో ఇంచుమించు ప్రతివాని చేతిలోను ఫోను గలదు. వాడు వంతెన దిగకమునుపే వరద వీడియో పలువురికి చేరుచున్నది. ఇట్టి చిత్రములపై జనులకు గల మక్కువ యెట్లు మారినది? వాని నిజమైన విలువ యెచ్చట నున్నది? ఈ రెండు ప్రశ్నలను గూర్చి విద్యార్థులు ఆలోచింపవలెను.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచెను. సుమారు 15,000 మంది మరణించిరని చెప్పుదురు. అఫ్జల్‌గంజ్ వద్ద, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నేటికిని నిలిచియున్న చింతచెట్టు నెక్కి 150 మంది వరకు ప్రాణములు దక్కించుకొనిరి. ఆ కాలమున కెమెరా సామాన్యుల వస్తువు కాదు. బరువైన పెట్టెను, గాజుపలకలను మోసికొనిపోవలెను. అందుచేత ఆ వరదను చూపు ఫొటోలు మనకు కొలదిగా మాత్రమే మిగిలినవి. కొలదియగుటచేతనే జనులు వానిని నేటికిని ఆదరముతో చూచుచున్నారు.

112 సంవత్సరముల పిమ్మట, 2020 అక్టోబరు 13, 14 తేదీలలో మరల కుంభవృష్టి కురిసెను. ఫలక్‌నుమా ప్రాంతపు కాలనీలు నీట మునిగెను. ఆ నెల 17వ తేదీ రాత్రి బాలాపూర్ వైపు గుర్రం చెరువు కట్ట తెగి, హాఫిజ్ బాబానగర్ ఇండ్లలోనికి నీరు చొచ్చెను. ఈసారి వీడియోలకు లెక్కలేదు. మొదటిదానిని చూచినవాని గుండె ఝల్లుమనెను; పదవదానిని వింతగా చూచెను; ఏబదవదానిని వ్రేలితో త్రోసివేసెను. వస్తువు విస్తారమైనకొలది వెల తగ్గును గదా! అంతట జనుల కన్నాకర్షించుటకు మునుపటికంటె ఘోరమైన దృశ్యము కావలసివచ్చును. వరదలు వచ్చినప్పుడెల్ల ఏనాటివో, ఏయూరివో పాత వీడియోలు నేటివిగా ప్రచారమగుటకు ఇదియొక కారణము.

ఇది మన యూరికే పరిమితమైన సంగతి కాదు. అమెరికాలో టోర్నడో అనెడి ప్రచండమైన సుడిగాలి చిత్రముల చరిత్రయు నిట్టిదే. నేటికి తెలిసినంతవరకు వానిలో మొదటి ఫొటో 1884 ఏప్రిల్ 26న కాన్సస్ రాష్ట్రమునందు తీయబడెను. అది ఆనాడు మహాద్భుతము. 1957 ఏప్రిల్ 2న డల్లాస్ నగరముమీదుగా సుడిగాలి పోవుచుండగా పలువురు దానిని ఫిలిముపై పట్టిరి. శాస్త్రజ్ఞులు ఆ ఫిలిములను వినోదమునకు గాక కొలతకు వాడిరి. ఫిలిములో సెకనుకు ఇన్ని బొమ్మలని లెక్కగలదు. కెమెరా ఎచ్చట నిలిచెనో, సుడి ఎంతదూరమున నుండెనో తెలిసినచో, ఎగురుచున్న చెత్త ఒక బొమ్మనుండి మరియొక బొమ్మకు జరిగిన దూరమునుబట్టి గాలి వేగమును గణింపవచ్చును. అది గంటకు సుమారు 170 మైళ్లని తేలెను. ఆ యేడే జూన్ 20న ఫార్గో పట్టణమును సుడిగాలి కొట్టగా, ఫుజితా అను జపాను దేశపు శాస్త్రజ్ఞుడు పౌరులు తీసిన ఫొటోలను సేకరించి, ఏది ఎచ్చటినుండి ఎప్పుడు తీయబడెనో నిర్ణయించి, ఆ తుపాను నడకను వివరించెను. సుడిగాలుల తీవ్రతను తెలుపుటకు 1971లో ఆయన ప్రకటించిన కొలమానము ప్రసిద్ధమైనది.

అయితే చిత్రము తప్పుపాఠమును గూడ నేర్పగలదు. 1991 ఏప్రిల్ 26న కాన్సస్‌లో కొందరు రహదారి వంతెన క్రింద దాగి సుడిగాలినుండి బ్రతికిరి. వారిలోని టెలివిజనువారు తీసిన వీడియోను లోకమంతయు చూచెను. వంతెన క్రింద రక్షణ గలదని పెక్కుమంది నమ్మిరి. 1999 మే 3న ఓక్లహోమాలో అట్లే వంతెనల క్రింద దాగినవారిలో ముగ్గురు మరణించిరి. వంతెన క్రింద గాలి మరింత బలముగా దూసికొనిపోవచ్చును; ఎగిరివచ్చు శకలములకు అడ్డు లేదు. వీడియో ఒక్కసారి జరిగినదానిని చూపెను; ఎల్లప్పుడు జరుగుదానిని కాదు.

మరియొక లోపము గలదు. చిత్రము ఫలమును చూపును గాని కారణమును చూపదు. 1908లో మన వీధులను ముంచిన నీటికి వెనుక, నదికి ఎగువన తెగిన చెరువుకట్టలు పెక్కు గలవు. 2020లో హాఫిజ్ బాబానగర్ వీధిని తీసిన వీడియోలో గుర్రం చెరువు కట్ట కానరాదు. నిజాము ప్రభుత్వము పిలిపించిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు వానను, నదిని, చెరువులను లెక్కలతో పరిశీలించి, ఎగువన జలాశయములు కట్టవలెనని సూచించిరి. అట్లు 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తియైనవి. వరదను చూచి నివ్వెరపోయినవారు వేలకొలది, కొలిచినవారు కొందరే. మేలు జరిగినది కొలతవలననే.

కావున విద్యార్థులారా, మీ చేత ఫోను ఉన్నయెడల ఈ నియమములు పాటింపుడు. మొదట మీరును మీ యింటివారును సురక్షితస్థలమునకు చేరుడు. ఏ చిత్రమును ప్రాణమంత విలువగలది కాదు. తీసినదానికి తేదీ, వేళ, స్థలము, మీరు చూచుచున్న దిక్కు వ్రాసియుంచుడు. నీరు గోడమీద ఎంతవరకు వచ్చెనో కనబడునట్లు తీయుడు. ఎవరు ఎప్పుడు తీసిరో తెలియనిదానిని ఇతరులకు పంపకుడు. ఆపదలో నున్నవాడు మన కంటికి వింత కాదు. వాడు ఒక తల్లికి బిడ్డ. చేయి అందించుటకు వీలున్నచోట ఫోను జేబులోనే యుండనిండు.

వేడుక కొన్ని దినములలో చల్లారును. తేదీయు స్థలమును గల చిత్రము ముందుతరమువారికి సాక్ష్యమై నిలుచును.