కరాటే నేర్చుకునే పిల్లల తుంటి, గజ్జలు: సాగదీసే పద్ధతి



వేసవి సెలవుల్లో మా ఓపీకి వచ్చే పిల్లల్లో రెండు రకాల వారు ఎక్కువ. చెట్టెక్కి పడినవారు కొందరు, కొత్తగా కరాటే, తైక్వాండో తరగతుల్లో చేరి కుంటుతూ వచ్చేవారు కొందరు. చెట్టు మీద నుండి పడిన సంగతి తల్లికి వెంటనే తెలుస్తుంది. రెండో రకం నొప్పి వారం పది రోజుల దాకా ఇంట్లో తెలియదు. ఆ నొప్పి గజ్జల్లోనో పిరుదుల కిందో ఉంటుంది కాబట్టి పిల్లలు సిగ్గుపడి చెప్పరు.

ఒకసారి పద్నాలుగేళ్ళ అబ్బాయిని తల్లి తీసుకువచ్చింది. “నరం పట్టేసింది సిస్టరమ్మా, వారం నుండి వేడి నూనె పెట్టి రుద్దుతున్నాను, తగ్గడం లేదు” అంది. బాబు బల్ల మీద ఒక పక్కకు ఒరిగి, ఒక పిరుదు మీదే కూర్చున్నాడు. అది చూసి నాకు అనుమానం వచ్చింది. తల్లిని ఓపీ చీటీ రాయించుకు రమ్మని పంపి మెల్లగా అడిగితే అప్పుడు చెప్పాడు. తరగతిలో ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కు చాపి స్ప్లిట్స్ చేయిస్తున్నారట. నేలకు ఇంకా జానెడు ఎత్తు మిగిలిందని ఇద్దరు పెద్ద కుర్రాళ్ళు భుజాలు పట్టి కిందికి నొక్కారు. లోపల ‘టప్’మని శబ్దం వచ్చింది. ఆదివారం బెల్టు పరీక్ష ఉందని ఎవరికీ చెప్పలేదు.

ఎక్స్‌రే తీస్తే, మనం కూర్చున్నప్పుడు నేలకు ఆనే పిరుదు ఎముక నుండి చిన్న ముక్క ఊడి ఉంది. ఆ ముక్క ఎక్కువ దూరం జరగలేదు కాబట్టి ఆపరేషన్ తప్పింది. కొన్ని వారాలు చంక కర్రలు, ఆ తరువాత ఫిజియోథెరపీ. నాలుగు నెలల దాకా డాక్టరు గారు కిక్ కొట్టనివ్వలేదు. వారం రోజులు రుద్దడం వల్ల మేలు జరగకపోగా బాబు నరకం చూశాడు.

“ఎదిగే పిల్లలు రబ్బరు లాంటి వారు, ఎటు వంచినా వంగుతారు” అని చాలామంది అంటారు. అది సరికాదు. ఎదిగే పిల్లల్లో కండరం ఎముకకు అతుక్కునే చోట ఇంకా మెత్తని మృదులాస్థి ఉంటుంది. అక్కడి బలం కండరం కంటే తక్కువ. బలవంతంగా లాగితే పెద్దవారిలో కండరం చిరుగుతుంది, పిల్లల్లో ఎముక ముక్కే ఊడి రావచ్చు. కటి భాగంలో ఈ అతుకులు పూర్తిగా గట్టిపడడానికి కొందరిలో ఇరవై ఏళ్ళ దాకా పడుతుంది.

నేను కరాటే వద్దని చెప్పడం లేదు. తలుపులు వేసుకుని టీవీ ముందు కూర్చునే పిల్లల కంటే చెమట పట్టేలా ఆడే పిల్లలే నాకు ఇష్టం. అయితే కాలు ఎత్తుగా లేవాలంటే ఏది సాగాలో, ఎలా సాగాలో తెలుసుకుని చేయించాలి.

తుంటి కీలును పాఠ్యపుస్తకాల్లో బంతిగిన్నె కీలు అంటారు. తొడ ఎముక తల బంతిలా ఉండి, కటి ఎముకలోని గిన్నెలో తిరుగుతుంది. గజ్జల నుండి తొడ లోపలి వైపుగా దిగే కండరాలు కాళ్ళను దగ్గరికి లాగుతాయి. పక్కకు కిక్ కొట్టేటప్పుడు అడ్డుపడేవి ఎక్కువగా ఇవే. తుంటి ముందు వైపు కండరాలు, తొడ వెనుక కండరాలు కూడా బిగుసుకుని ఉంటే కాలు లేవదు. మన పెద్దవారు బాసింపట్టు వేసుకుని భోంచేశారు, గొంతుకూర్చుని అంట్లు తోమారు, నేల మరుగుదొడ్డి వాడారు. ఆ కీలు రోజుకు పదిసార్లు పూర్తిగా వంగేది. ఇప్పుడు పిల్లలు స్కూలు బెంచీ మీద, వ్యానులో, ఇంట్లో సోఫాలో కూర్చుంటారు. సాయంత్రం ఆరు గంటలకు ఒక్కసారిగా కాళ్ళు చాపమంటే ఎలా వస్తుంది? ఇంట్లో ఒక పూటైనా కింద కూర్చుని అన్నం తినడం మొదలుపెట్టండి. దానికి ఫీజు లేదు.

ఇక పద్ధతి. చల్లగా ఉన్న కండరాన్ని సాగదీయకూడదు. ముందు పది నిమిషాలు పరుగు, తాడు ఆట, ఏదైనా సరే, ఒళ్ళు వేడెక్కాలి. తరువాత గోడ పట్టుకుని ఒక్కో కాలును ముందుకు వెనక్కు, ఆపైన పక్కలకు, పది పదిహేనుసార్లు ఊపాలి. ఊపు చిన్నగా మొదలై క్రమంగా పెరగాలి. తరగతికి ముందు ఇంత చాలు. ఎక్కువసేపు కదలకుండా సాగదీసి పట్టి ఉంచడం తరగతి అయిపోయిన తరువాతే చేయాలి. కిక్ కొట్టబోయే ముందు నిమిషానికి మించి అలా పట్టి ఉంచితే కండరం ఊపు కాస్త తగ్గుతుంది.

తరగతి తరువాత చేసే వాటిలో మొదటిది సీతాకోకచిలుక ఆసనం. కూర్చుని రెండు అరికాళ్ళు కలిపి, వీపు నిటారుగా ఉంచి, మోకాళ్ళను వాటి బరువుతోనే కిందికి దిగనివ్వాలి. చేతులతో టపటపా కొట్టవద్దు. రెండోది, కాళ్ళు రెండు వైపులకు చాపి కూర్చుని, నడుము గూని కాకుండా, పొట్ట ముందుకు వచ్చేలా కొద్దిగా వంగడం. మూడోది, ఒక మోకాలు మెత్తని గుడ్డ మీద ఆనించి, రెండో పాదం ముందుకు పెట్టి, తుంటిని నెమ్మదిగా ముందుకు జరపడం. ఇది తుంటి ముందు వైపు కండరానికి. ప్రతి ఒక్కటి ముప్పై సెకన్లు, రెండు నుండి నాలుగుసార్లు. ఊపిరి బిగపట్టకూడదు. మాట్లాడలేనంత నొప్పి ఉంటే హద్దు దాటినట్టే.

కుదుపులు ఎందుకు వద్దంటున్నానంటే, డాక్టరు గారు మోకాలి కింద చిన్న సుత్తితో తడితే కాలు దానంతట అదే ఎగురుతుంది, చూసే ఉంటారు. కండరం ఒక్కసారిగా సాగితే వెంటనే ముడుచుకోవడం దాని స్వభావం. కుదిపినా, వెనుక నుండి ఎవరైనా నొక్కినా కండరం ఎదురు తిరుగుతుంది. నెమ్మదిగా సాగదీస్తే సడలుతుంది. ఫలితం కనిపించడానికి వారాలు పడుతుంది. వారానికి ఐదు రోజులు కొంచెం కొంచెం చేసినవారు, ఆదివారం ఒక్కరోజే గంటసేపు కుస్తీ పట్టినవారి కంటే ముందుంటారు.

ఇంకొక విషయం తల్లిదండ్రులు, మాస్టార్లు కూడా గుర్తించాలి. గిన్నె లోతు, తొడ ఎముక మెడ ఉండే కోణం అందరికీ ఒకటి కాదు. కొందరికి ఎంత సాధన చేసినా కాళ్ళు పూర్తిగా పక్కలకు పరుచుకోవు, ఎముకకు ఎముక తగులుతుంది. తెలుసుకోవడం ఎలా? తొడ లోపలి వైపు పొడవునా లాగుతున్నట్టు ఉంటే అది కండరం. గజ్జ ముందు భాగంలో, లోతుగా, గిచ్చినట్టు ఉంటే అక్కడ ఆపాలి. పక్కింటి పిల్లతో పోల్చి తిట్టినందువల్ల ఎముక ఆకారం మారదు.

సాగడం ఒక్కటే చాలదు, బలం కూడా కావాలి. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, మధ్యలో దిండో బంతో పెట్టి పది సెకన్లు నొక్కి వదలాలి. ఇలా పదిసార్లు. నార్వేలో ఫుట్‌బాల్ ఆటగాళ్ళ మీద చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, తొడ లోపలి కండరాలకు బలం పెంచే వ్యాయామం చేసిన జట్లలో గజ్జల బాధలు 41 శాతం తక్కువగా కనిపించాయి. గుర్రపు స్వారీ భంగిమలో నిలబెట్టడాన్ని పిల్లలు శిక్ష అనుకుంటారు గాని, అది కూడా ఈ బలానికే.

ఆడపిల్లల తల్లులు నా చెవిలో అడిగే ప్రశ్న ఒకటుంది: ఇలా కాళ్ళు చాపితే రేపు కాన్పుకు ఇబ్బందా? ఇబ్బంది లేదు. నెలసరి రోజుల్లో కూడా అమ్మాయికి బాగుంటే చేయవచ్చు, బాగా లేకపోతే మానవచ్చు.

గజ్జ బెణికితే మొదటి రెండు మూడు రోజులు మర్దన వద్దు, వేడి కాపడం వద్దు, మళ్ళీ సాగదీసి చూడడం అసలే వద్దు. గుడ్డలో చుట్టిన ఐసు పదిహేను నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగుసార్లు పెట్టి విశ్రాంతి ఇవ్వండి. ‘టప్’మని శబ్దం వచ్చినా, కాలు మోపలేకపోయినా, చర్మం కమిలినా ఎక్స్‌రే కావాలి.

గజ్జల్లో ప్రతి నొప్పీ కరాటే వల్ల వచ్చినది కాదు. ఉత్త కాళ్ళతో ఆడి పాదానికి పుండు పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది, అప్పుడు చూడవలసింది పాదాన్ని. దగ్గినప్పుడు ఉబ్బు వచ్చి పడుకుంటే పోతే హెర్నియా కావచ్చు. జ్వరంతో పాటు తుంటి కదపలేని నొప్పి ఉంటే ఆ రోజే రావాలి. పది నుండి పదహారేళ్ళ లోపు పిల్లలు, ముఖ్యంగా లావుగా ఉన్నవారు, మోకాలు నొప్పి అంటూ కుంటుతుంటే మోకాలితో పాటు తుంటికి కూడా ఎక్స్‌రే తీయించాలి. తొడ ఎముక తల ఎదుగుదల పొర దగ్గర జారడం మొదలైతే చాలాసార్లు నొప్పి మోకాలిలోనే తెలుస్తుంది. అటువంటి బిడ్డను నడిపించకుండా ఎత్తుకుని తీసుకురండి.

మగపిల్లలకు హఠాత్తుగా వృషణంలో గాని, గజ్జల్లో, పొత్తికడుపులో గాని తీవ్రమైన నొప్పి వచ్చి, వాంతి అయితే, వృషణం మెలిక పడి ఉండవచ్చు. ఆరు గంటల లోపల సరిచేస్తే దానిని కాపాడే అవకాశం ఎక్కువ, ఆ తరువాత గంట గంటకూ తగ్గిపోతుంది. నొప్పి వస్తే సిగ్గుపడకుండా చెప్పమని మీ అబ్బాయికి ముందుగానే చెప్పి ఉంచండి. అర్ధరాత్రి అయినా సరే, తెల్లవారనిద్దాం అనుకోకుండా ఆపరేషన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి బయలుదేరండి. దారిలో తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వవద్దు.