ఎడమ కాలి పాఠం

పాతబస్తీలో ఒక కాలేజీ బాస్కెట్‌బాల్ కోర్టు. అంతర కళాశాలల పోటీ. బంతి ఆ కుర్రాడి చేతికొస్తే చాలు, చుట్టూ ఈలలే ఈలలు. మూడేళ్లుగా జట్టుకు అతనే దిక్కు. మొదటి సగంలో అతణ్ని ఆపినవాళ్లు లేరు.

రెండో సగంలో అవతలి కోచ్ ఒక్కటే పని చేశాడు. అతని కుడిపక్కన ఓ పొడగరిని నిలబెట్టాడు. కుర్రాడు ఎడమకు తిరగాల్సి వచ్చింది. ఎడమ చేత్తో కొట్టిన బంతి తన బూటుకే తగిలి గీత దాటిపోయింది. మళ్లీ అదే. ఆ తర్వాత అతనసలు బంతి అడగడమే మానేశాడు.

ఆట అయ్యాక పలకరిస్తే తల దించుకుని అన్నాడు: "ఎడమ చెయ్యి నాకు మొదట్నుంచీ రాదు సార్."

రాకపోవడం వేరు, నేర్చుకోకపోవడం వేరు. ఆ తేడాను మైదానంలో నిలబెట్టి చూపించిన మాస్టారు ఒకాయన మన హైదరాబాద్‌లోనే ఉండేవారు.

ఆయన సయ్యద్ అబ్దుల్ రహీమ్. అందరికీ రహీమ్ సాబ్. 1909లో పుట్టారు. ఉస్మానియాలో చదువుకునే రోజుల్లో విశ్వవిద్యాలయ జట్టుకు ఫుట్‌బాల్ ఆడారు. ఆ తర్వాత బడిపంతులయ్యారు, కోచ్ అయ్యారు. 1950 నుంచి 1954 వరకు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ తెచ్చిపెట్టారు. భారత జట్టుకు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు అందించారు.

ఇన్ని కప్పుల వెనక ఓ చిన్న కిటుకుంది. పిల్లలకు ఆయన చిత్రమైన పోటీలు పెట్టేవారు. కుడికాలి వాటమున్నవాడు ఎడమ కాలితోనే తన్నాలి. ఇంకో పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం, బంతిని వెంటనే తోటివాడికి అందించాల్సిందే. అంటే, ఎవరికి ఏది బాగా వచ్చో దాన్నే కాసేపు పక్కన పెట్టించారు. ఆ పద్ధతి మన జీవితానికీ పనికొస్తుంది.

మీ ఎడమ కాలికి పేరు పెట్టండి

నలుగురి ముందు మాట్లాడటమా? లెక్కలా? తప్పు ఒప్పుకోవడమా? "నాకు మొదట్నుంచీ రాదు" అని మీరు దేని గురించి అంటుంటారో, అదే మీ ఎడమ కాలు. దాన్ని ఒక కాగితం మీద రాయండి. ఒక్కటే రాయండి.

మంచి కాలిని కాసేపు కట్టేయండి

అమెరికా బాస్కెట్‌బాల్ తార స్టెఫెన్ కర్రీ హైస్కూల్ రోజుల్లో బంతిని నడుము దగ్గర్నుంచే విసిరేవాడు. పొడుగాటి ప్రత్యర్థులు సులువుగా అడ్డుకుంటారని తండ్రి డెల్ ఆ అలవాటు మాన్పించి, తల పైనుంచి విసరడం నేర్పాడు. ఆ వేసవిలో దూరం నుంచి బుట్టలో బంతి వేయడమే గగనమైపోయింది. అయినా పాత పద్ధతికి తిరిగి వెళ్లలేదు. పెద్ద విశ్వవిద్యాలయాలు వద్దనుకున్న ఆ కుర్రాడే 2008లో డేవిడ్‌సన్ అనే చిన్న కాలేజీని జాతీయ పోటీల్లో చివరి ఎనిమిది జట్ల దాకా తీసుకెళ్లాడు. కొత్తది నేర్చుకునేటప్పుడు కొన్నాళ్లు మీ స్థాయి పడిపోతుంది. భయపడకండి, అది నేర్చుకోవడానికి కట్టే ఫీజు.

ఓటమిని చదవండి

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనల్ని 10-1తో చిత్తు చేసింది. మనవాళ్లలో చాలామంది ఒట్టి కాళ్లతో ఆడారు. ఆ దెబ్బతో మన జట్టుకు బూట్లు తప్పనిసరి చేశారు. నాలుగేళ్లు తిరిగేసరికి 1956 మెల్‌బోర్న్‌లో రహీమ్ సాబ్ శిష్యులు నాలుగో స్థానంలో నిలిచారు. ఓడిపోయినప్పుడు ఏడవండి, తప్పు లేదు. కళ్లు తుడుచుకున్నాక మాత్రం ఎక్కడ దెబ్బతిన్నామో చూసుకోండి.

చోటు మారినా తడబడకండి

1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్. జర్నైల్ సింగ్ రక్షణ పంక్తి ఆటగాడు. తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీమ్ సాబ్ అతణ్ని ముందు వరసలో ఆడించారు. అతను గోల్ కొట్టాడు. దక్షిణ కొరియాపై 2-1తో మనం గెలిచాం. అప్పటికే క్యాన్సర్ రహీమ్ సాబ్‌ను తినేస్తోంది. మరుసటి ఏడాది జూన్‌లో ఆయన కన్నుమూశారు.

ఈ వారం చేయాల్సిన పని ఇదీ: మీరు కాగితం మీద రాసుకున్న దానికి రోజూ పావుగంట ఇవ్వండి. ఆ పావుగంటలో బాగా వచ్చిన పని జోలికి పోకండి.

మొన్న సాయంత్రం మళ్లీ ఆ కోర్టు వైపు వెళ్లాను. ఈలలు లేవు, జనం లేరు. ఆ కుర్రాడు కుడి చేతిని వీపు వెనక్కి మడిచి, ఎడమ చేత్తో బంతి కొడుతున్నాడు. బంతి మూడుసార్లు ఎగిరి పక్కకు పోయింది. వెళ్లి తెచ్చుకున్నాడు. ఈసారి అయిదుసార్లు ఎగిరింది.